పరికరం నంబరు ఒకటి

సికింద్రాబాద్, రాంగోపాల్‌పేట్. కుక్కర్ విజిళ్లు తయారు చేసే చిన్న కార్ఖానా. మధ్యాహ్నం పన్నెండున్నర. పొయ్యి మీద కుక్కర్లో పప్పు ఉడుకుతోంది.

"కదలకండి దేవమ్మగారూ, స్టిక్కర్ వంకర పోతుంది."

"ఏడ అతికిస్తున్నవ్ సారూ? చీర మీదనైతే ఉతికినప్పుడు ఊడిపోతది."

"చేతి గాజు మీద అతికిస్తున్నా. నంబరు బయటికి కనపడాలి. ఆ, అయింది. చదవండి చూద్దాం."

"'పరికరం నంబరు ఒకటి. సరిచూసిన తేది'... ఇయ్యాల్టిదే. 'మళ్లా సరిచూడవలసిన తేది'... వచ్చే ఏడాది. ఏందిది యుగంధర్ సారూ? నేను పరికరమా?"

"ఫైల్లో మాత్రమే."

"ఫైల్ల పరికరం, బయట మనిషి. మంచిగనే ఉన్నది. నన్ను ఎప్పుడు సరిచూసినవ్?"

"పొద్దున ఫోన్లో కూత వినిపించి, వినపడితే చెయ్యెత్తమన్నాను కదా. అదే."

"గదా! నాకు చెవుడొచ్చిందేమోనని చూస్తున్నవనుకున్న."

"కాస్త ఆ బోర్డు పట్టుకోండి. మేకు కొడతా. మూడింటికి ఆడిట్ మేడం వచ్చేస్తుంది."

"ఎన్ని బోర్డులు కొడ్తవ్ సారూ? గోడ కూలుతది."

"ఆరు. ఈ కాలం కార్ఖానాకు ఆరు శాఖలు ఉండాలి. సరుకు, తయారీ, నాణ్యత, మరమ్మతు, భద్రత, మనుషులు."

"మరమ్మతు శాఖకు పెద్దగ తిరుమల్ అని రాసినవ్. తిరుమల్ పోయినేడే పని బంద్ జేసిండు కద?"

"మనిషి లేడు. శాఖ ఉంది."

"ఓహో."

"ఈ పాత బోర్డు తీసేద్దామా? దీని చోట 'భద్రత' పెడితే చక్కగా వరుసలో ఉంటుంది."

"ఏది? అదా? వద్దు సారూ, ఉండనీ. పెద్ద సేఠ్ పెట్టించిన బోర్డు. తీస్తే ఎనకాల గోడకు చెమ్మ కనపడ్తది."

"అక్షరాలు కూడా పోయాయి. ఎవరు చదువుతారు దాన్ని?"

"ఎవరు చదువుతరు... అయినా ఉండనీ. జెర ఆగు, కూత వస్తున్నది."

"ఎన్నోది?"

"మాట్లాడకు. వింటున్న... ఊఁహూఁ. ఈ విజిల్ పోదు. పక్కకు పెట్టు."

"బాగానే మోగింది కదా!"

"మోగుడు కాదు సారూ, కూత చివరల గీకింది. లోపట రజను ఇరికింది. మంట తగ్గించిన, చల్లారినంక ఇప్పి చూడు."

"ఇంత ఇనుప పొడి మీకెలా వినపడుతుందండీ?"

"నాకెట్ల తెలుస్తది? వినపడ్తది. నువ్వు ముందుగాల ఈ సంగతి చెప్పు. నేను పరికరం ఎట్లైన? తెలిసేటట్టు చెప్పు."

"పోయిన నెల నాణ్యత సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పంపినప్పుడు, 'విజిళ్లను పరీక్షించే పరికరం ఏది' అని అడిగారు. అప్పటికి మెషిన్ రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పప్పు ఉడికిస్తూ, విజిల్ విని బాగుందో లేదో చెప్పేది మీరే. గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు పోనివ్వలేదు. సరేలే, తర్వాత మార్చుకోవచ్చని 'దేవమ్మ' అని కొట్టాను."

"వాళ్లు నవ్వలేదా?"

"చదివితే కదా నవ్వడానికి! 'పరికరం దేవమ్మ, ఒకటి, వాడుకలో ఉన్నది' అని ముద్ర వేసి పంపారు. ఆడిట్ అయ్యేదాకా దాన్ని మార్చడానికి లేదు. తాళం పడిపోయింది."

"మరి పొద్దుగాల్ల ట్రాలీ ఆటోల మెషిన్ దిగింది కద. దాన్ని సుత రాయి."

"అదే ఇప్పుడు నా తలనొప్పి. మనది ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్. అందులో ఒక్క పరికరానికే చోటు."

"ఆ చోటుల నేను కూసున్న."

"అవును."

"మెషిన్ బయట నిలబడ్డది."

"అవును!"

"జెర తిప్పలే వచ్చింది పాపం దానికి."

"యుగంధర్! అరే యుగంధర్ బేటా! మెషిన్ నేలకు బోల్టులు ఏసిన్రు. ఎంత ముద్దుగున్నది! విజిల్ పెడితే పచ్చ లైటు, బేకార్‌దైతే ఎర్ర లైటు. మస్తున్నది."

"సేఠ్, రండి. మీతోనే పని."

"పని తర్వాత. పప్పు అయిందా? ఆకలైతున్నది."

"ఇంకొక కూత ఉన్నది మౌలా అలీ సేఠ్. ఒక్క మాట అడుగుతా. రేపటి సంది నన్ను రావద్దన్నవంట?"

"ఎవరన్నరు?"

"తయారీల ఆడోళ్లు అనుకుంటున్నరు. మెషిన్ వచ్చింది, దేవమ్మకు ఇయ్యాలే ఆఖరు అని."

"వాళ్లకేం పని... ఇయ్యాల పప్పుల చింతపండు ఏసినవా, మామిడికాయ ఏసినవా?"

"చింతపండు. సేఠ్, రావాల్నా, వద్దా?"

"నీకు సుత రెస్టు కావాలె కద దేవక్కా. ఎన్నేండ్లు కష్టపడ్తవ్? ఇంట్ల బిక్షం అన్న ఒక్కడే ఉంటడు..."

"బిక్షం కాడ టీవీ ఉన్నది. పొద్దంత పెద్దగ పెట్టుకుంటడు. ఇంట్ల నేను అరిచినా నా మాట ఎవరికి వినపడదు. ఈడ నేను ఊఁ అంటెనే పెట్టె కదులుతది. రెస్టు ఏం జేసుకోను నేను?"

"నాకు మాత్రం ఖుషీనా? పెద్ద కుక్కర్ కంపెనీవోడు మెషిన్ లేకుంటే మాల్ తీసుకోనన్నడు. సర్టిఫికెట్ లేకుంటే గేటు కాడికి సుత రానియ్యనన్నడు. నన్నేం జెయ్యమంటవ్ చెప్పు?"

"ఏం జెయ్యద్దు. పప్పు తిను."

"గుస్సా చెయ్యకు అక్కా..."

"గుస్సా ఎందుకు? నేను పరికరం కద. పరికరానికి గుస్సా ఉండదు. గీ గాజు చూడు."

"ఏందిది? యుగంధర్, ఏందిది? దేవక్కకు నంబరు ఏసినవా?"

"అదే చెప్పబోతున్నాను సేఠ్. ఫైల్లో మన పరికరం దేవమ్మగారు. మెషిన్ ఫైల్లో లేదు. ఆడిట్ మేడం వచ్చి షెడ్డులో ఉన్నవన్నీ లెక్క పెడుతుంది. ఫైల్లో రాసింది ఆరుగురు మనుషులు, ఒక పరికరం. ఏడు. ఫైల్లో లేనిది ఒక్కటి కనపడినా సర్టిఫికెట్ రాదు."

"మెషిన్ మీద దుప్పటి కప్పు."

"బీరువా అంత ఉంది సేఠ్! పచ్చ లైటు దుప్పట్లోంచి కనపడుతుంది."

"బోల్టులు ఇప్పి బయట పెడ్దాం."

"బోల్టులు వేసినవాళ్లు వెళ్లిపోయారు. రేపు గానీ రారు."

"యా అల్లా. మరి దేవక్కను తీసి..."

"తీస్తె పరికరం లేదంటది మేడం. అంతేనా సారూ?"

"అంతే. సర్టిఫికెట్ రాదు."

"అరే పరేషాన్! నేను ఆఫీసుల కూసుంట. మీరిద్దరు ఏమన్న చెయ్యిన్రి. ఏదున్నా నేను సంతకం పెడ్తా."

"పప్పు తినకుంటనే పోతున్నవ్ సేఠ్?"

"ఆడికే పంపియ్యి."

"పోయిండు. సారూ, పరికరం కాగితంల ఇంకేం రాసినవ్? చదువు."

"'వేడి ఇరవై అయిదు డిగ్రీలు మించరాదు. దుమ్ము పడరాదు. ఒంటికి కుదుపు తగలరాదు.' అందుకే మీ పక్కన కూలర్ పెట్టించాను."

"అగో, గా కూలర్ నాకోసమా! ఇరవై రెండేండ్లు మనిషిగ ఉన్న, ఫ్యాను సుత ఇటు తిరగలే. పొద్దుగాల్ల పరికరం అయిన, పగటీలికి కూలర్ వచ్చింది. కుదుపు తగలద్దంటే ఎట్ల మరి? నేను అడ్డగుట్ట నుంచి బస్సుల వస్త."

"'జాగ్రత్తగా మోసుకువచ్చెదరు' అని రాశాను."

"ఎవరు మోస్తరు?"

"అది వాళ్లు అడగలేదు. ఇంకొకటి. ప్రతి పరికరం కొంచెం తప్పు చూపిస్తుంది. మీరు ఎంత తప్పు?"

"నేను తప్పు చూపియ్య."

"అలా రాస్తే నమ్మరండీ. ఎంతో కొంత ఉండాలి."

"అయితే బోనాల నాడు జెర తప్పు అని రాయి. డప్పుల మోతల నాకు ఏం వినపడదు."

"'బోనాలకు... స్వల్పంగా.' మంచిది. దేనితో పరీక్షిస్తారు? కందిపప్పు అని రాశాను. శుక్రవారం మాత్రం తేడాగా ఉంటుందని ఎవరో చెప్పారు..."

"శుక్రవారం సేఠ్ మేక కాళ్ల పాయ తెస్తడు. పాయ మెత్తగైతే విజిల్ గట్టిదన్నట్టు."

"'శుక్రవారం భారీ పరీక్ష.' సరే. ఇప్పుడు అసలు సంగతి. మెషిన్‌ని ఎక్కడో ఒకచోట చూపించాలి. పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నా. మనుషుల శాఖకు తాళం పడలేదు, అందులో ఒక ఖాళీ ఉంది."

"ఎవరిది?"

"అదీ..."

"చెప్పు సారూ."

"మీదే. మిమ్మల్ని పరికరంలోకి ఎక్కించగానే మనుషుల్లో మీ గడి ఖాళీ అయింది. మీరు పోతే మనుషులు అయిదుగురే. ఆరో మనిషిగా..."

"మెషిన్‌ను మనిషి అని రాస్తవా?"

"ఇంకో దారి లేదండీ. నాకూ ఉద్యోగం వచ్చి మూడు నెలలే. ఈ సర్టిఫికెట్ రాకపోతే సేఠ్ నన్ను కూడా ఇంటికి పంపిస్తారు. మా అమ్మ ఏ.ఎస్. రావు నగర్ అంతా చెప్పుకుంది, మా వాడు ఆరు శాఖలు చూస్తాడని."

"ఏడువకు. నాకేం తక్లీఫ్ లేదు. రాస్తె రాయి. ఫారం నేను చదువుతా, నువ్వు కంప్యూటర్ల కొట్టు. పేరు?"

"ఏం పెడదాం?"

"లాస్య అని పెట్టు. మా చెల్లె మనుమరాలు. గట్లనే తెల్లగుంటది, ఊకె కీసుమంటది."

"లాస్య. తండ్రి పేరు... తయారు చేసిన కంపెనీవాళ్లది రాస్తా. సొంతూరు కోయంబత్తూర్."

"చదువు?"

"లేదు."

"పెండ్లి అయిందా?"

"దేవమ్మగారూ!"

"ఫారంల ఉన్నది సారూ, నేను అడుగుతలే."

"కాలేదు."

"పుట్టుమచ్చలు."

"ఎడమ పక్క సొట్ట. పొద్దున ఆటోలోంచి దింపేటప్పుడు పడింది. తర్వాత?"

"పుట్టిన తేది."

"ఇరవై అయిదేళ్లు పడేట్టు ఏదో ఒకటి వేసేస్తా."

"వద్దు సారూ."

"ఎందుకు?"

"మెషిన్ మీద ప్లేటు ఉన్నది కద. ఎప్పుడు తయారైందో దాని మీద కొట్టి ఉన్నది. మేడం ఆ ప్లేటు చూసిందనుకో, ఫైలు చూసిందనుకో, రెండు కలవకుంటే?"

"అవును... ప్లేటు గుర్తే లేదు నాకు."

"నేను పరికరం అని రాసినం, బోర్డుల తిరుమల్ ఉన్నడని రాసినం, నన్ను మోసుకొస్తరని రాసినం. ఒక్కటన్న నిజం ఉండద్దా ఫైల్ల?"

"కరెక్టే. ఒక్కటైనా నిజం ఉండాలి. ప్లేటు మీద ఏముందో చదివి చెప్పండి."

"చదువుతున్న. రాసుకో."

మూడు గంటల పది నిమిషాలు.

"నమస్తే ఫెయిత్ మేడం! ఆవో, ఆవో! నేను మౌలా అలీ. ఓనర్. చాయ్ తాగుతరా?"

"ఆడిట్లో ఏమీ తీసుకోకూడదండీ. ముందు పరికరం చూపించండి."

"ఇదిగో మేడం. నేను యుగంధర్, ఆరు శాఖల... శాఖలు చూస్తాను. ఇదే పరికరం."

"ఈవిడా?"

"స్టిక్కర్ ఉంది మేడం. గాజు చూపించండి దేవమ్మగారూ."

"నంబరు ఒకటి. సరిచూసిన తేదీ ఉంది. కూలర్ ఉంది. దుమ్ము లేదు. చాలా కార్ఖానాల్లో స్టిక్కర్ కూడా ఉండదు, తెలుసా? ఆన్ చేయండి."

"దేవమ్మగారూ, వినండి."

"విన్న. ఈ విజిల్ మంచిది. ఇది సుత మంచిదే. ఇది పోదు, కూత సన్నగున్నది, అడుగున తూటు చిన్నదైంది."

"పరికరం మాట్లాడుతుందా?"

"తెర లేదు మేడం. ఫలితం నోటితో చెబుతుంది."

"'ఫలితం మాట రూపంలో.' రాసుకున్నాను. ఈ విజిల్‌ని కొలిచి చూస్తాను... అవును, రంధ్రం చిన్నదే. పరికరం సరిగ్గా ఉంది. పళ్లెంలో పప్పు పెట్టి నాకిస్తోందేమిటి?"

"అది... అది పరీక్ష నివేదిక మేడం."

"తినవచ్చా?"

"తిను బిడ్డా. ఆడిట్ల ఏం తీసుకోవద్దన్నవ్ గానీ, నివేదిక తీసుకోవాలె కద."

"నిజమే. నివేదిక పరిశీలించాల్సిందే... ఊఁ. బాగుంది. చాలా బాగుంది. ఈ పరికరానికి నాకేం అభ్యంతరం లేదు. ఇక మనుషులు. ఆరుగురు. పర్వీన్?"

"తయారీలో ఉంది మేడం, చెయ్యి ఊపుతోంది చూడండి. ఆ పక్కన రజిత, షాగుఫ్తా. తలుపు దగ్గర షాలేమ్, ప్యాకింగ్. నేను అయిదో మనిషిని."

"ఆరు. లాస్య?"

"మూల నిలబడింది మేడం."

"ఎక్కడ? ఆ తెల్లగా... సరే. హాజరు?"

"పొద్దుట్నుంచీ కదల్లేదు మేడం."

"సంతకం?"

"పచ్చ లైటు వేస్తుంది."

"సొంతూరు కోయంబత్తూర్. పెళ్లి కాలేదు. ఎడమ పక్క సొట్ట, ఉంది. పుట్టిన తేదీ... ఒక్క నిమిషం. ఇది సరిగ్గా రాశారా?"

"అది మాత్రం ఖచ్చితం మేడం! ప్లేటు చూసి రాశాం. కలిపి చూసుకోండి."

"కలిసింది. అందుకే అడుగుతున్నా. ఈ పిల్లకు మూడు నెలలా?"

"ఏంటండీ?"

"మౌలా అలీ గారూ, మూడు నెలల పిల్లను ఎనిమిది గంటలు నిలబెట్టి పని చేయిస్తున్నారా?"

"పిల్ల ఏంది మేడం! అది మెషిన్. లోహా! కొట్టి చూడున్రి, టంగుమంటది!"

"అంటే ఫైలు అబద్ధమా?"

"ఫైలు..."

"ఫైలు అబద్ధమైతే సర్టిఫికెట్ లేదు, ఇప్పుడే లేచి వెళ్లిపోతాను. ఫైలు నిజమైతే ఈమె లాస్య, వయసు మూడు నెలలు. ఏదో ఒకటి చెప్పండి. ఫైలు నిజమా, అబద్ధమా?"

"యుగంధర్, చెప్పు. ఏది మంచిది?"

"నిజమే చెప్పండి సేఠ్... అంటే, ఫైలే నిజమని చెప్పండి."

"ఫైలు నిజం మేడం."

"మీ గోడ మీద ఆ పాత బోర్డు ఉంది. అక్షరాలు పోయినా చదవడానికి వస్తోంది. మీరే చదవండి."

"'పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలకు... ఈ కార్ఖానాల పని ఇయ్యబడదు.' మా అబ్బా పెట్టించిన బోర్డు మేడం."

"మీ నాన్నగారు మంచి మనిషి. ఆయన బోర్డుకు విలువ ఇచ్చి ఈసారికి కేసు రాయడం లేదు. సర్టిఫికెట్ ఇస్తున్నాను, షరతు మీద. లాస్యకు పద్దెనిమిది నిండేదాకా ఆమెతో ఒక్క విజిల్ కూడా పరీక్ష చేయించకూడదు. అప్పటిదాకా పరీక్షలన్నీ ఫైల్లో ఉన్న పరికరంతోనే జరగాలి. పరికరాన్ని మార్చినా, ఇంటికి పంపినా సర్టిఫికెట్ రద్దు. ఇక్కడ సంతకం పెట్టండి."

"పెడ్తున్న మేడం. ఈడనేనా?"

"ఇక్కడ. పిల్లకు గాలి తగిలేట్టు చూడండి. వస్తాను. నివేదిక ఇంకొంచెం ఉంటే డబ్బాలో పెట్టివ్వండి."

"పోయింది. యుగంధర్, పద్దెనిమిదేండ్లంటే ఎప్పటికి?"

"ఇంకా పదిహేడేళ్ల తొమ్మిది నెలలు సేఠ్."

"యా అల్లా. పెద్ద కంపెనీవోడికి ఏం చెప్పాలె?"

"సర్టిఫికెట్ ఉంది. మెషిన్ ఉంది. వాళ్లు అడిగింది ఆ రెండే కదా. మెషిన్ నడుస్తోందా అని అడగలేదు."

"అచ్ఛా... దేవక్కా, అప్పటికి నీకెన్నేండ్లొస్తయి?"

"డెబ్బై నాలుగు. రేపు ఎనిమిదింటికి వస్త సేఠ్. మోసుకొచ్చెటోళ్లను పంపుతవా, బస్సుల రావాల్నా?"

"బస్సుల రా. జీతం... యుగంధర్, పరికరానికి జీతం రాయొచ్చా?"

"రాయకూడదు. నెలనెలా మరమ్మతు ఖర్చు రాయొచ్చు."

"గట్లనే రాయి. పాత జీతమంత. కాదు, జెర ఎక్కువ రాయి, పాత పరికరం కద. నా పళ్లెం ఏది అక్కా? పొద్దున సంది ఏం తినలే."

"పొయ్యి కాడ మూత పెట్టి ఉన్నది. పో, తిను."

"దేవమ్మగారూ."

"ఏంది సారూ?"

"పుట్టిన తేదీ నిజం రాయమన్నది మీరే."

"అవు."

"ఆ పాత బోర్డు తియ్యొద్దన్నదీ మీరే."

"చెమ్మ కనపడ్తదని అన్న."

"ఇప్పుడు చూశాను. దాని వెనకాల చెమ్మ లేదు. గోడ పొడిగా ఉంది."

"ఎవరు చదువుతరు దాన్ని అంటివి కద బిడ్డా. ఇరవై రెండేండ్లు రోజు పప్పు ఉడికేదాక నా ఎదురుంగ ఉన్నది గా ఒక్క బోర్డే."